స్టిరాయిడ్ వాడేవాళ్లు తుంటి ఎముకను కాపాడుకోవడం: మిల్లీగ్రాముల లెక్క, గజ్జల నొప్పి, ఎంఆర్ఐ

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసి నడుము పట్టేసిన హమాలీకైనా, నాట్ల కాలంలో మోకాళ్లు వాచిన కూలీకైనా, చికున్‌గున్యా తగ్గి నెలలు గడిచినా కీళ్లు సలుపుతున్న ముసలమ్మకైనా ఊళ్లో ముందుగా దొరికేది సూది. రాత్రి వేయించుకుంటే పొద్దుగాల్లకు నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, ఒంట్లో హుషారొస్తుంది. ఇంత తొందరగా, ఇంత పూర్తిగా నొప్పి పోయిందంటే అందులో నొప్పి మందుతో పాటు స్టిరాయిడ్ కూడా కలిసి ఉండొచ్చని అనుమానించాలి. నొప్పి మందు డైక్లోఫెనాక్‌నూ, డెక్సా అని పిలిచే స్టిరాయిడ్ డెక్సామెథాసోన్‌నూ కలిపి వేయడం పల్లెల్లో చాలా మామూలు.

స్టిరాయిడ్ చెడ్డ మందని దీని అర్థం కాదు. ఆస్తమా ముదిరినప్పుడు, లూపస్‌లో (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు), కొన్ని కిడ్నీ జబ్బుల్లో, కిడ్నీ మార్పిడి తర్వాత అది లేకపోతే మనిషే దక్కడు. ఇబ్బందల్లా ఎంత వాడామో లెక్క లేకపోవడం. ఇంకొకటి, తుంటి ఎముక దెబ్బతింటున్నప్పుడు ఆ నొప్పిని నడుము నొప్పనో మోకాలి నొప్పనో అనుకుని ఏడాది పోగొట్టుకోవడం.

తుంటిలో జరిగేది

తొడ ఎముక పైచివర బంతిలా గుండ్రంగా ఉండి కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి నెత్తురు ప్రధానంగా ఎముక మెడ వెంట పైకి పాకే సన్నటి నాళాల నుంచే అందుతుంది. అవి మూసుకుపోతే సరిపడా నెత్తురు తెచ్చే వేరే దారి లేదు. కాలువ చివరి మడి లాంటిదే, పైన ఎక్కడ అడ్డం పడినా ముందు ఎండేది అదే.

స్టిరాయిడ్ ఎక్కువ మోతాదులో పడితే ఎముక లోపలి మూలుగలో కొవ్వు కణాలు ఉబ్బుతాయి. చుట్టూ గట్టి ఎముక కాబట్టి వాటికి సాగే చోటు లేదు, లోపలి ఒత్తిడి పెరిగి సన్నటి నాళాలు నలుగుతాయి. నెత్తురులో కొవ్వు పెరగడం, చిన్న గడ్డలు కట్టడం కూడా దీనికి తోడవుతాయి. ఎముక కణాలను స్టిరాయిడ్ నేరుగా కూడా చంపుతుంది. చివరికి బంతిలో ఒక ముక్క చచ్చిపోతుంది. దీన్నే డాక్టర్లు అవాస్కులర్ నెక్రోసిస్, క్లుప్తంగా ఏవీఎన్ అంటారు.

ముక్క చచ్చిన రోజున సాధారణంగా నొప్పి రాదు. చచ్చిన ఎముక కొన్నాళ్లు బరువు మోస్తూనే ఉంటుంది. తర్వాత ఒళ్లు దాన్ని బాగుచేయబోయి, చచ్చిన భాగాన్ని కరిగించినంత వేగంగా కొత్తది కట్టలేకపోతుంది. అప్పుడు నులక తెగిన మంచంలా ఆ చోటు బలహీనపడి, మృదులాస్థి (బంతి మీది నున్నటి పొర) కింద సన్నటి పగుళ్లు పడి, బంతి పైభాగం కుంగుతుంది. చాలామందికి నొప్పి తెలిసేది ఈ దశలోనే. ఎంఆర్ఐలో మార్పు స్టిరాయిడ్ మొదలైన కొన్ని నెలల్లోనే కనిపించొచ్చు, నొప్పి మాత్రం ఏడాది, రెండేళ్ల తర్వాత రావొచ్చు. అందుకే "ఆ గోలీలు ఎప్పుడో మానేశాను కదా" అని ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఉండొద్దు.

లెక్క వేసుకునే పద్ధతి

ఒక నోట్‌బుక్ తీసుకుని తేదీ, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు అనే నాలుగు గడులు గీయండి. గోలీల అట్ట పారేసే ముందు వెనకవైపు ఫొటో తీయండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరే చూడాలి. వైసోలోన్, ఓమ్నాకార్టిల్ అంటే ప్రెడ్నిసోలోన్. మెడ్రాల్ అంటే మిథైల్‌ప్రెడ్నిసోలోన్. బెట్నెసోల్ అంటే బీటామెథాసోన్. డెఫ్‌కార్ట్ అంటే డెఫ్లాజకార్ట్. కెనాకార్ట్ సూది అంటే ట్రయామ్సినోలోన్.

ఇవన్నీ ఒకే బలమున్నవి కావు, కాబట్టి అన్నింటినీ ప్రెడ్నిసోలోన్‌లోకి మార్చుకుని కూడాలి. 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ చేసే పని 4 మి.గ్రా. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ లేదా ట్రయామ్సినోలోన్, 6 మి.గ్రా. డెఫ్లాజకార్ట్, 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ చేస్తాయి. డెక్సామెథాసోన్ అయితే 0.75 మి.గ్రా., బీటామెథాసోన్ అయితే 0.6 మి.గ్రా. చాలు. "అర మిల్లీగ్రామే కదా, చిన్న గోలీ" అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. 0.5 మి.గ్రా. బీటామెథాసోన్ గోలీలు రోజుకు నాలుగు మింగితే దాదాపు 17 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్‌తో సమానం. 2 మి.లీ. డెక్సా సూదిలో మామూలుగా 8 మి.గ్రా. ఉంటుంది, అది 53 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ కింద లెక్క. వారానికి రెండు సూదుల చొప్పున రెండు నెలలు వేయించుకున్న మనిషికి చీటీలో ఎక్కడా స్టిరాయిడ్ పేరు లేకుండానే 850 మి.గ్రా. పైచిలుకు పడినట్టు.

ఎంత దాటితే భయపడాలి? ఫలానా అంకె దాటకపోతే ఏమీ కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ రోజుకు 20 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ దాటి వారాల తరబడి వాడితే ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. ఈ జబ్బు మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఆర్కో, 2019లో ఇచ్చిన ప్రమాణాల్లో మూడు నెలల్లో 2 గ్రాములు దాటడాన్ని గీతగా పెట్టుకుంది. 50 కిలోల మనిషికి కిడ్నీ జబ్బులో రోజుకు 50 మి.గ్రా. ఇస్తే 40 రోజుల్లోనే ఆ గీత వస్తుంది. లూపస్‌లాంటి జబ్బులకు దవాఖానలో మూడు రోజులు రోజుకు 1 గ్రాము చొప్పున సెలైన్‌లో ఎక్కించే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఒక్కటే 3,750 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్‌తో సమానం. కోవిడ్ కాలంలో 2020 జూన్ తర్వాత అందరూ వాడిన డెక్సామెథాసోన్ 6 మి.గ్రా., పది రోజుల కోర్సు లెక్కిస్తే 400 మి.గ్రా. మాత్రమే. కానీ 2021లో చాలామంది ఇంటి దగ్గర ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వాడారు. అప్పటి కాగితాలుంటే ఆ లెక్క కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

ఆస్తమా ఇన్‌హేలర్‌ను ఈ లెక్కలో కలిపి భయపడి మానేయొద్దు. అందులో ఉండేది మైక్రోగ్రాముల్లో, ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. ఇన్‌హేలర్ మానేసి దమ్ము ముదిరితే మళ్లీ గోలీలు మింగాల్సి వస్తుంది, అది ఇంకా నష్టం. జిమ్‌లో కండలకు వాడే స్టిరాయిడ్లు వేరే జాతి, వాటి గొడవలు వేరు.

చీటీ లేకుండా ఒంట్లోకి వచ్చేది

అట్ట మీద పేరే లేకపోతే లెక్క ఎక్కడ దొరుకుతుంది? కీళ్లవాతానికి, దమ్ముకు పొట్లాల్లో ఇచ్చే పొడులు, "మూలికలే" అని చెప్పే నల్ల గోలీలు, ఒళ్లు రావడానికి అమ్మే గోలీలు, వీటిలో స్టిరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో పలుమార్లు బయటపడిన సంగతే. గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. ఒకటి రెండు రోజుల్లోనే అద్భుతంగా తగ్గడం, మానేసిన వారంలో రెట్టింపు నొప్పి రావడం, మొహం గుండ్రంగా ఉబ్బి బుగ్గలు నిండటం, పొట్ట పెరుగుతూ కాళ్లుచేతులు సన్నబడటం, పొట్ట మీద ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, లేని షుగరు రావడం. వీటిలో రెండు మూడు కలిస్తే ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పొద్దున 8 గంటల ప్రాంతంలో చేసే రక్త పరీక్షలో కార్టిసాల్ (ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే స్టిరాయిడ్) తక్కువగా వస్తే బయటి నుంచి స్టిరాయిడ్ ఎక్కువగా పడిందన్న అనుమానం బలపడుతుంది. సూది వేసే మనిషితో గొడవ పెట్టుకోనక్కర్లేదు. "అన్నా, ఏం మందు వేస్తున్నవ్, సీసా ఒకసారి చూపించు" అని అడిగి ఫొటో తీసుకుంటే చాలు. డెక్సా, ప్రెడ్నిసోలోన్ చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందులు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకోవడం మనం చేసే తప్పు.

ఆపేటప్పుడు జాగ్రత్త

ఇదంతా చదివి రేపటి నుంచి గోలీ మానేయాలనుకుంటే ఆగండి. మూడు వారాలకు మించి వాడితే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. ఉన్నఫళంగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. డాక్టరు రాసిన పద్ధతిలో మెట్టుమెట్టుగా దిగాలి. తగ్గించే క్రమంలో జ్వరమో ఆపరేషనో వస్తే స్టిరాయిడ్ వాడుతున్నామని ముందే చెప్పాలి, ఆ రోజుల్లో మోతాదు తాత్కాలికంగా పెంచాల్సి రావొచ్చు. గోలీ సాధారణంగా పొద్దున తిన్నాక ఒకేసారి వేసుకోవాలి. దానితో పాటు సొంతంగా నొప్పి గోలీలు మింగితే కడుపులో పుండు పడి నెత్తురు కారే ముప్పు ఎక్కువ. ఇన్ని మిల్లీగ్రాములు చాలా రోజులుగా నడుస్తున్నాయి, స్టిరాయిడ్ తగ్గించే వేరే మందు నా జబ్బుకు ఉందా అని అడగడం మీ హక్కు. నిమ్స్ లాంటి దవాఖానల్లో కీళ్లవాత విభాగాలున్నాయి.

కాల్షియం, విటమిన్ డి గోలీలు ఇస్తే వేసుకోండి. కానీ అవి ఆపేది ఎముక గుల్లబారడాన్ని, ఏవీఎన్‌ను కాదు. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ బాగుందంటే తుంటి బంతికి నెత్తురు బాగా అందుతోందని అర్థం కాదు (స్కాన్‌కూ మందుకూ ఒకే పేరు ఉండటం ఇంకో తికమక).

మద్యం విషయంలో మొహమాటం అక్కర్లేదు. అతిగా తాగడం ఒక్కటే కూడా ఏవీఎన్ తెస్తుంది. స్టిరాయిడ్, మద్యం కలిస్తే రెండు వైపుల నుంచీ దెబ్బ. బీడీ, సిగరెట్ కూడా మానాలి.

ములుగు, భద్రాద్రి, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. ఆ జబ్బులో వంకర తిరిగిన ఎర్ర కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుని, స్టిరాయిడ్ లేకుండానే తుంటి బంతిని చంపగలవు. దానిపైన నొప్పులకు స్టిరాయిడ్ సూదులు వేస్తే నొప్పి దాడి మళ్లీ తిరగబడే ప్రమాదం కూడా ఉంది. కుటుంబంలో సికిల్ సెల్ ఉందని తెలిస్తే ఏ సూది ముందైనా ఆ మాట చెప్పాలి. కుర్రవాడు కుంటుతున్నాడంటే సికిల్ సెల్ పరీక్షా, తుంటి పరీక్షా రెండూ చేయించాలి.

నొప్పి ఎక్కడ మొదలవుతుంది

తుంటి నొప్పి అనగానే చాలామంది చేయి పిరుదు పక్కకు వెళ్తుంది. ఈ జబ్బు నొప్పి ఎక్కువగా ముందువైపు, గజ్జల్లో వస్తుంది. అక్కడి నుంచి తొడ ముందు భాగం మీదుగా మోకాలిదాకా దిగుతుంది. ఒక్కోసారి మోకాలి నొప్పే పెద్దదై, మోకాలి ఎక్స్‌రే తీసి "బాగానే ఉంది" అని పంపేస్తారు. నడుము నరం నొక్కుకుంటే వచ్చే నొప్పి వేరు. అది నడుము, పిరుదు వెనకవైపు నుంచి మోకాలు దాటి పాదందాకా, తిమ్మిరితో పాకుతుంది. తుంటి నొప్పి సాధారణంగా మోకాలు దాటదు. ఈ తేడా తెలియక నడుము ఎంఆర్ఐ తీయించుకుని ఏళ్లు గడిపినవాళ్లు చాలామంది ఉంటారు.

ఇంట్లో గమనించాల్సినవి చిన్నచిన్న పనులు. సక్లం ముక్లం పెట్టి కూర్చోలేకపోవడం, చెప్పు తొడుక్కోవడానికో కాలిగోరు తీసుకోవడానికో వంగితే గజ్జల్లో పొడవడం, ఆటో ఎక్కేటప్పుడు, మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చున్నప్పుడు నొప్పి, రాత్రి పక్కమీద తిరిగితే మెలకువ రావడం, కొద్దిగా కుంటడం. కీలు పరీక్ష కూడా ఇంట్లో చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాలిని తొంభై డిగ్రీలు మడిచి, తొడను నిలువుగా పైకెత్తి, ఇంకొకరు మోకాలు కదలకుండా పట్టుకుని పాదాన్ని మెల్లగా బయటికి తిప్పాలి. అప్పుడు తొడ లోపలికి తిరుగుతుంది. రెండు కాళ్లూ పోల్చండి. ఒక వైపు తక్కువగా తిరిగినా, గజ్జల్లో నొప్పి పొడిచినా అనుమానం పెట్టుకోవాలి. అదాటుగా లాగొద్దు.

ఎక్స్‌రేతో ఆగిపోవద్దు

మొదటి దశలో ఎక్స్‌రే పూర్తిగా మామూలుగా ఉంటుంది. ఎక్స్‌రేలో ఏమైనా కనిపించేసరికి జబ్బు కొంత ముదిరే ఉంటుంది. అందుకే స్టిరాయిడ్ చరిత్ర ఉండి, గజ్జల్లో నొప్పి రెండు మూడు వారాలకు తగ్గకపోతే, ఎక్స్‌రే బాగున్నా ఎంఆర్ఐ అడగాలి. రెండు తుంటులకూ కలిపి తీయమనాలి. స్టిరాయిడ్‌తో వచ్చే ఏవీఎన్ సగానికి పైగా కేసుల్లో రెండు వైపులా ఉంటుంది, రెండోది ఇంకా నొప్పి పెట్టి ఉండదు. రంగు మందు ఎక్కించాల్సిన అవసరం మామూలుగా ఉండదు. వరంగల్‌లో ఎంజీఎం దవాఖాన ఎముకల విభాగంలో చూపించుకునేటప్పుడు మిల్లీగ్రాముల నోట్‌బుక్, గోలీల అట్టల ఫొటోలు, పాత డిశ్చార్జి కాగితాలు ముందు పెట్టండి. డాక్టరుకు దొరికే అయిదు నిమిషాల్లో సగం పని అవే చేస్తాయి.

రిపోర్టు వచ్చాక మూడు సంగతులు వెతకండి. మొదటిది, బంతిలో ఎంత శాతం చచ్చింది. స్టైన్‌బర్గ్ పద్ధతిలో 15 శాతంలోపు చిన్నది, 15 నుంచి 30 మధ్యది, 30 దాటితే పెద్దది. చిన్నవి కూలిపోకుండా నిలబడే అవకాశం ఎక్కువ, పెద్దవి ఎక్కువ శాతం కూలతాయి. రెండోది, బరువు పడే పైభాగంలో ఉందా లేక లోపలివైపు ఉందా. మూడోది, మృదులాస్థి కింద పగులు ఉందా, బంతి గుండ్రం చెడిందా. ఎక్స్‌రేలో నెలవంకలా కనిపించే నల్లటి గీత ఈ పగులే. మూలుగలో వాపు, కీలులో నీరు ఉన్నాయని రాస్తే కూలే రోజు దగ్గర పడుతోందనుకోవాలి, ఆలస్యం వద్దు.

కూలకముందు ఉన్న దారి

బంతి గుండ్రంగా ఉన్నంతవరకు కాపాడే ప్రయత్నానికి అర్థముంది. ఎముక డాక్టర్లు ఎక్కువగా చేసేది కోర్ డీకంప్రెషన్. తొడ పక్క నుంచి చిన్న కోతతో ఎముక మెడ గుండా బంతిలోకి రంధ్రం చేస్తారు, పెద్దదొకటి లేదా సన్నవి కొన్ని. లోపలి ఒత్తిడి దిగుతుంది, కొత్త నాళాలకు దారి పడుతుంది. కొందరు కటి ఎముక నుంచి తీసిన మూలుగను సాంద్రం చేసి ఆ రంధ్రంలో నింపుతారు. చిన్న ముక్కల్లో ఫలితం బాగుంటుంది, పెద్దవాటిలో అంత నమ్మకం లేదు. ఆ తర్వాత దాదాపు ఆరు వారాలు ఆ కాలిమీద పూర్తి బరువు వేయకూడదు, రంధ్రం చేసిన చోట తొడ విరిగే ప్రమాదం ఉంటుంది. పత్తి ఏరే కాలమో, నాట్లో చూసుకుని ఆపరేషన్ తేదీ పెట్టుకోవడం మంచిదే కానీ నెలలు వాయిదా వేయడం కాదు. ఎముక కరగడాన్ని తగ్గించే, వారానికోసారి వేసే అలెండ్రోనేట్ 70 మి.గ్రా. లాంటి గోలీలు కొందరికి రాస్తారు, వాటి లాభం మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. పూర్తిగా వాటి మీదే ఆధారపడి ఎంఆర్ఐ మళ్లీ తీయించకుండా కూర్చోవద్దు.

ఈలోగా ఊతకర్ర వాడండి. నొప్పి కాలు కుడిదైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు, దానివల్ల తుంటి మీద బరువు అంతగా తగ్గదు. నిటారుగా నిలబడి చేయి వదిలితే మణికట్టు ముడత దగ్గర కర్ర పిడి ఉండాలి, పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా మడవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బస్తాలు, నీళ్ల బిందెలు మోయడం, దూకడం, పరుగు, గొంతుక్కూర్చోవడం, నేల మీద పడుకుని లేవడం ఆపాలి. మరుగుదొడ్డిలో కుర్చీలాంటి కమోడ్ స్టాండు పెట్టుకుంటే చాలా సుఖం. కండరాలు సన్నబడకుండా మంచం మీదే తొడ బిగించే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. నూనెలతో గట్టిగా తొక్కించడం, కాలు లాగించడం ఏ ముసలాయన చెప్పినా వద్దు.

కూలిపోయాక

బంతి కుంగి, గిన్నె కూడా అరిగితే మిగిలిన దారి తుంటి మార్పిడి. వయసులో ఉన్నవాళ్లు "ఇప్పుడే ఎందుకు" అని మింగే నొప్పి గోలీలు కిడ్నీలకు, కడుపుకు చేసే చేటు తక్కువేం కాదు. ఇప్పటి కీళ్లు పదిహేను, ఇరవై ఏళ్లు, చాలామందికి అంతకంటే ఎక్కువే పనిచేస్తాయి. ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో కీలు జారకుండా కాళ్లు అడ్డంగా వేసుకోవడం, చిన్న పీట మీద కూర్చోవడం, వంగి నేల మీది వస్తువులు తీయడం మానాలి. వెనకవైపు నుంచి కోసినవాళ్లకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. రేషన్ కార్డు ఉన్నవాళ్లు దవాఖానలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఈ ఆపరేషన్ ఏ పథకం కింద వస్తుందో, ఏ కాగితాలు కావాలో ముందే అడగండి. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, కానీ ఏ ఆపరేషన్‌కు ఏ నిబంధన వర్తిస్తుందో వాళ్లే చెప్పాలి.

ఒక తుంటి మార్చినా స్టిరాయిడ్ కోర్సు ఇంకా నడుస్తుంటే రెండో తుంటి మీద కన్నేసి ఉంచాలి. మొదటి ఎంఆర్ఐలో అది శుభ్రంగా ఉన్నా, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తీయాలా అని డాక్టరును అడిగి ఆ తేదీని నోట్‌బుక్‌లో మిల్లీగ్రాముల పక్కనే రాసుకోండి.